చిత్రచౌర్యము – ప్రకటనల సొమ్ము

తెలుగు చలనచిత్ర వ్యాపారము చేయువారి నోట ‘తూర్పు’, ‘పడమర’ అను మాటలు వినిపించినప్పుడు అవి దిక్కులు కావు. తూర్పనగా తూర్పుగోదావరి, పడమరనగా పశ్చిమగోదావరి. నైజాము, సీడెడ్డు, ఉత్తరాంధ్ర, గుంటూరు, కృష్ణ, నెల్లూరు అను పేర్లతోపాటు ఈ రెండును వేరువేరు విక్రయ ప్రాంతములుగా చాలకాలమునుండి చెల్లుబాటగుచున్నవి. 2022 ఏప్రిల్ 4వ తేదీన జిల్లాల పునర్విభజన జరిగి కాకినాడయు, కోనసీమయు, ఏలూరును వేరు జిల్లాలైనను, సినిమా లెక్కల పుస్తకములో మాత్రము పాత సరిహద్దులే నిలిచియున్నవి. నిర్మాత తన చిత్రమును ప్రాంతములవారీగా అమ్మును. కొన్న పంపిణీదారు రాజమహేంద్రవరములోనో, కాకినాడలోనో, భీమవరములోనో కూర్చుండి, వడ్డీకి తెచ్చిన సొమ్ము మొదటి వారములో తిరిగివచ్చునా రాదా యని రోజువారీ వసూళ్లు చూచుకొనుచుండును.

ఆ మొదటి వారములోనే చిత్రము యొక్క దొంగప్రతి ఊరూర ఫోనులలో తిరుగసాగినచో, దెబ్బ ముందుగా తగులునది హైదరాబాదులోని నిర్మాతకు కాదు. అతడు చాలవరకు అమ్ముకొని బయటపడియుండును. తగులునది ఈ పంపిణీదారునకు. అతని తరువాత హాలు యజమానికి, ఆపరేటరునకు, వాకిట టికెట్లు చింపువానికి, విరామసమయమున సమోసాలు, సోడాలు అమ్ముకొనువానికి. కావున చిత్రచౌర్యమనునది వినోదపు ముచ్చట కాదు. మన డెల్టా పట్టణములలో అనేక కుటుంబముల బ్రతుకుతెరువునకు సంబంధించిన విషయము.

ఈ చౌర్యమును అరికట్టుటకు గడచిన పదునైదేండ్లలో ప్రభుత్వములు పట్టిన ఉపాయమొకటి కలదు. దొంగను వెదకి వెదకి విసిగి, దొంగకు డబ్బు చేర్చువానిని పట్టుకొనుట. దొంగచిత్రములు చూపు వెబ్‌సైట్లకు ప్రకటనలు ఈయవలదని వ్యాపార సంస్థలపై ఒత్తిడి తెచ్చుట. అట్టి సైట్ల పేర్లతో నల్లజాబితాలు వ్రాసి ప్రకటనల ఏజెంట్ల చేతికిచ్చుట. ఈ ఉపాయము ఎక్కడ పుట్టినది, ఎంతవరకు ఫలించినది, గోదావరి గట్టునకు వచ్చుసరికి ఏమైనది అనునదియే నేటి ప్రసంగవిషయము.

మన ప్రాంతమునకు చలనచిత్రముతోడి బంధుత్వము నిన్నమొన్నటిది కాదు. మూగచిత్రముల దినములలోనే కాకినాడవాసులైన చిత్తజల్లు పుల్లయ్యగారు తమ యూరిలో ‘భక్త మార్కండేయ’ తీసిరి. 1936లో నిడమర్తి సూరయ్యగారు రాజమహేంద్రవరమున దుర్గా సినీటోన్ అను స్టూడియో నెలకొల్పి ‘సంపూర్ణ రామాయణము’ నిర్మించిరి. తాడేపల్లిగూడెములో రేలంగి వెంకటరామయ్యగారు తాము సంపాదించిన డబ్బుతో సినిమా హాలే కట్టించిరి. ‘మూగమనసులు’, ‘సాక్షి’ మొదలుకొని ఈ నదిని, ఈ కాలువలను తెరమీద చూడని తెలుగు ప్రేక్షకుడుండడు.

గ్రంథస్వామ్యపు చట్టము ఇంకను పాతది. 1847లో కంపెనీ ప్రభుత్వము హిందూదేశమునకు మొదటి కాపీరైటు చట్టము చేసినది. అదే సంవత్సరమున ధవళేశ్వరములో కాటన్ దొర ఆనకట్ట పని ఆరంభించెను. రెండింటికిని సంబంధము లేదు గాని, ప్రవాహమును ఎవడు, ఏ మేరకు, ఎవరి అనుమతితో తన పొలమునకు మళ్లించుకొనవచ్చుననునదే రెండింటి యందలి ప్రశ్నయని నాకు తోచును. తరువాత 1914లో ఒక చట్టమును, స్వాతంత్ర్యానంతరము 1957లో నేటికిని అమలులోనున్న చట్టమును వచ్చినవి.

ఫిల్ము రీళ్ల కాలములో దొంగతనము సులభము కాదు. బరువైన పెట్టెలు రైలులోనో, బస్సుపైననో వచ్చెడివి. పెట్టెతోపాటు పంపిణీదారుని మనిషియు వచ్చి, హాలులో కూర్చుండి, తెగిన టికెట్లు లెక్కపెట్టుకొనెడివాడు. 1980 తరువాత వీడియో క్యాసెట్టు వచ్చి ఈ కట్టుదిట్టము చెడిపోయినది. పల్లెలలో సైతము ఒక టీవీయు, ఒక వీ.సి.ఆర్.ను అద్దెకు తెచ్చి రాత్రంతయు వరుసగా మూడు నాలుగు బొమ్మలు చూచెడివారు. 1984లో పార్లమెంటు కాపీరైటు చట్టమును సవరించి, ఈ నేరమునకు 6 నెలలనుండి 3 ఏండ్లవరకు ఖైదును, 50 వేలనుండి 2 లక్షల రూపాయల వరకు జరిమానాను విధించినది. పోలీసులు దుకాణములపై దాడులు చేసిరి, క్యాసెట్లు పట్టుకొనిరి, మరునాడు వేరొక దుకాణములో అవే క్యాసెట్లు దొరకెడివి.

పిమ్మట కేబులు టీవీ వచ్చినది. కొన్ని యూళ్లలో క్రొత్త చిత్రము హాలులో ఆడుచుండగనే కేబులులోను వచ్చెడిది. ఆ చిత్రము క్రింది అంచున బట్టల దుకాణముల, నగల దుకాణముల ప్రకటనలు పరుగెత్తుచుండెడివి. ఇచ్చట ఒక సంగతి గమనింపదగినది. ఆ ప్రకటన ఇచ్చిన వర్తకుడు అదే బజారులో ఉండెను. పంపిణీదారు నాలుగడుగులు నడిచి వెళ్లి, ‘ఏమండీ, నా బొమ్మకు గండి కొట్టువానికి మీరే కూలి యిచ్చుచున్నారే’ యని ముఖముమీద అడుగవచ్చును. ఊరిలో పరువు గల వర్తకుడు సిగ్గుపడును. ప్రకటనదారునిపై ఒత్తిడి అనగా ప్రాథమికముగా ఇదియే. అంతర్జాలపు కాలములో ఈ నాలుగడుగుల దూరము నాలుగు దేశముల దూరమైనది.

అది ఎట్లో చూతము. పాత హాలులలో ఆట మొదలగుటకు ముందు స్లైడులు వేయువారు. కాకినాడ ఖాజా అమ్మువాడు ఏ హాలులో, ఏ ఆటకు తన స్లైడు పడునో యెరిగి డబ్బు కట్టెడివాడు. అంతర్జాలములో అట్లు కాదు. ఒక సబ్బుల కంపెనీ తన సొమ్మును ప్రకటనల ఏజెన్సీకి ఇచ్చును. ఏజెన్సీ దానిని ప్రకటనల మారకపు సంస్థలకు అప్పగించును. మీరొక పుట తెరచిన క్షణములో, కనుఱెప్పపాటు కాలమున, ఆ పుటలోని ఖాళీ చోటు వేలమునకు వచ్చి ఎవరో ఒకరికి అమ్ముడుపోవును. ఆ పుట పత్రికదా, పాఠశాలదా, దొంగచిత్రములదా యని సబ్బుల కంపెనీకి తెలియదు. చాలమారులు ఏజెన్సీకిని తెలియదు. ఈ తెలియకపోవుటయందే దొంగకు జీవనమున్నది. చూచువాడు కానీ ఇయ్యడు. అయినను దొంగకు ఆదాయము వచ్చును. క్యాసెట్టు దొంగకు లేని సౌకర్యమిది.

ఇట్టి దొంగకు ప్రకటనలు మాన్పించు ఆలోచన అంతర్జాలముతో పుట్టినది కాదు. అది పుట్టినది రేడియోతో. రేడియో పెట్టె గల ఇండ్లవారికి ఈ కథ విశేషముగా రుచించునని దీనిని కొంచెము విస్తరించి చెప్పుచున్నాను.

1960 ప్రాంతమున ఇంగ్లండులో రేడియో ప్రసారమునకు బి.బి.సి. వారికి తప్ప అన్యులకు అధికారము లేదు. వారు యువకులు కోరిన పాటలను మితముగా మాత్రమే వినిపించుచుండిరి. 1964 మార్చి నెలాఖరున, ఈస్టరు పండుగకు ముందునాడు, రోనన్ ఓ’రాహిలీ అను ఐరిష్ యువకుడు ఒక ఓడమీద ట్రాన్స్‌మిటరు నెలకొల్పి, ప్రభుత్వపు సముద్రసరిహద్దునకు ఆవల లంగరు వేయించి, రేడియో కరోలైన్ అను పేర పాటలు ప్రసారము చేయ నారంభించెను. ఆ సంవత్సరము తిరుగకుండగనే రేడియో లండన్ అను మఱియొక ఓడ వచ్చెను. లక్షలాది శ్రోతలు అటు తిరిగిరి. ఈ కేంద్రములు పాటల హక్కుదారుల ఎడల బి.బి.సి.వలె బద్ధులు కావు. వానికి ‘పైరేటు రేడియో’ అను పేరు స్థిరపడినది. శ్రోతవద్ద వారు రుసుము పుచ్చుకొనలేదు. వారి ఆదాయమంతయు ప్రకటనలే.

ప్రభుత్వమునకు చిక్కు వచ్చెను. ఓడలు దేశపు నీటిలో లేవు. ఎక్కి పట్టుకొనుటకు అధికారము లేదు. అప్పుడు ఐరోపా దేశములు కొన్ని కలసి ఆలోచించి, 1965 జనవరి 22వ తేదీన స్ట్రాస్‌బర్గ్ నగరములో ఒక ఒప్పందము చేసికొనినవి. దాని సారమిది: ఓడను పట్టలేకపోయినను, గట్టుమీదనుండి ఓడకు సాయపడువానిని పట్టుకొనవచ్చును. ఆ ఒప్పందము ననుసరించి బ్రిటిషు పార్లమెంటు 1967లో చట్టము చేసినది. ఓడకు ఆహారము, నూనె, యంత్రములు చేరవేయుట నేరము. అందులో కార్యక్రమము చేయుట నేరము. అందులో ప్రకటన ఇచ్చుటయు నేరము. 1967 ఆగస్టు 14వ తేదీ అర్ధరాత్రి ఆ చట్టము అమలులోనికి వచ్చెను. ఆ మధ్యాహ్నము 3 గంటలకే రేడియో లండన్ తనంత తాను మూతపడినది. సెప్టెంబరు 30న బి.బి.సి. వారు, నిన్నటివరకు ఓడలలో పాటలు వేసిన యువకులనే కొందరిని చేర్చుకొని, ‘రేడియో వన్’ అను క్రొత్త కార్యక్రమము నారంభించిరి.

రేడియో కరోలైన్ మాత్రము లొంగలేదు. పరువు గల కంపెనీలు ప్రకటనలు మానుకొన్నవి. వాని చోట ఏమి వచ్చినది? ఒక గ్రామఫోను రికార్డుల సంస్థ తన పాటలనే మరల మరల వేయించుకొనుటకు సొమ్మిచ్చెను. శ్రోతలకు విసుగు పుట్టినను ఓడ నిలిచియుండెను. చివరకు దానిని ముంచినది పోలీసు కాదు, చట్టమును కాదు. 1968 మార్చిలో, ఓడకు సరకు చేరవేయుచుండిన డచ్చి కంపెనీవారు తమ బాకీ తీరలేదని రెండు ఓడలను కట్టి లాగుకొనిపోయిరి. ఈ కథలోని రెండు సంగతులను పాఠకులు జ్ఞాపకముంచుకొనగోరెదను. ఒకటి: ప్రకటనలు మాన్పించినది చట్టసభలో చర్చించి చేసిన శాసనము, ఏ అధికారియు చెవిలో చెప్పిన మాట కాదు. రెండు: మంచి ప్రకటనదారు లేచిపోయిన పీటమీద ఖాళీ ఉండదు, అంతకంటె తక్కువవాడు వచ్చి కూర్చుండును.

మన దేశములోను దీనికి కొంత దగ్గరి ముచ్చట కలదు. 1952లో డాక్టరు కేస్కర్‌గారు సమాచార ప్రసారశాఖ మంత్రియై సినిమా పాటలు సంస్కారమునకు చేటని భావించి ఆకాశవాణిలో వానిని మిక్కిలి తగ్గించిరి. శ్రోతలు కొలంబో వైపు మర తిప్పిరి. రేడియో సిలోను దొంగకేంద్రము కాదు. ఒక స్వతంత్రదేశపు అధికార కేంద్రము. కాని మన దేశపు వినికిడియు, దానివెంట ప్రకటనల సొమ్మును అచ్చటికి ప్రవహించినవి. మన ప్రభుత్వము ప్రకటనదారులను బెదరింపలేదు. 1957 అక్టోబరు 3న వివిధభారతిని ఆరంభించెను. 1967 నవంబరు 1 నుండి అందులో వ్యాపార ప్రకటనలను కూడ అనుమతించెను. శ్రోత కోరినది ఇంటిలోనే దొరకినది. ప్రకటనదారు కూడ క్రమముగా ఇల్లు చేరెను. ఎవరినేని శిక్షించుటకంటె ఇది చౌకయైన మార్గమని నా అభిప్రాయము.

ఇంక అంతర్జాలపు మాట. 2011 అక్టోబరులో అమెరికా ప్రతినిధుల సభలో ‘సోపా’ అను బిల్లు ప్రవేశపెట్టబడెను. విదేశములలోని దొంగసైట్లకు ప్రకటనలు చేర్చువారును, చెల్లింపులు జరుపువారును ఆ పని మానవలెనని నిర్బంధించుట అందులోని ఒక ముఖ్యాంశము. ఈ అంశముకంటె, సైట్లను వెదకనీయకుండ, తెరవనీయకుండ చేయు ఇతరాంశములు జనులకు కోపము తెప్పించినవి. 2012 జనవరి 18న వికీపీడియా ఇంగ్లీషు విభాగము నిరసనగా ఒక దినమంతయు నల్లపుట పరచినది. రెండు దినములలో బిల్లు ప్రక్కన పెట్టబడెను.

చట్టము పోయినది గాని ఆలోచన పోలేదు. శాసనముచేత చేయలేనిదానిని బుజ్జగించి చేయించుటకు అధ్యక్షుని కార్యాలయము పూనుకొనెను. 2013 జులైలో, మేధోసంపత్తి వ్యవహారములు చూచు విక్టోరియా ఎస్పినెల్ అను అధికారిణి ఆధ్వర్యమున గూగుల్, మైక్రోసాఫ్ట్, యాహూ మొదలగు సంస్థలు కొన్ని ‘సదాచారములు’ అంగీకరించినవి. ఫిర్యాదు వచ్చినచో, విచారించి, దొంగసైటునకు ప్రకటనలు ఆపివేయుట అందు ప్రధానము. దానికి ‘స్వచ్ఛందము’ అని పేరు. ప్రభుత్వము పిలిచి కూర్చుండబెట్టి అడిగినప్పుడు ఇచ్చిన మాట ఎంత స్వచ్ఛందమో, పంచాయతీలలో చందాలిచ్చిన మన యూళ్లవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

ఇంగ్లండులో ఈ పని పోలీసులకే అప్పగింపబడెను. 2013 సెప్టెంబరులో లండన్ నగర పోలీసులలో మేధోసంపత్తి నేరములకు ప్రత్యేక విభాగము ఏర్పడెను. వారు దొంగసైట్ల జాబితా తయారుచేసి 2014లో ప్రకటనల పరిశ్రమకు అందజేసిరి. కొన్ని సైట్లలో సబ్బుల ప్రకటన పడవలసిన చోట ‘ఈ సైటు నేరవిచారణలో నున్నది’ అను పోలీసు హెచ్చరికయే పడునట్లు చేసిరి. రెండేండ్లలో పేరుగల కంపెనీల ప్రకటనలు అట్టి సైట్లలో నూటికి 73 వంతులు తగ్గినవని 2015లో ఆ విభాగమే ప్రకటించినది. 2018 జూన్‌లో ఐరోపా సంఘము ప్రకటనల పరిశ్రమచేత ఇట్టి అవగాహనపత్రమే వ్రాయించినది. జెనీవాలోని ప్రపంచ మేధోసంపత్తి సంస్థ వివిధ దేశముల జాబితాలను ఒకచోట చేర్చి ప్రకటనదారులకు అందించు ఏర్పాటు చేసినది.

ఫలితము లేదనను. కాని లండన్ పోలీసుల జాబితా బహిరంగము కాదు. ప్రకటనల వ్యాపారులకు తప్ప సామాన్యునికి అది కనిపించదు. ఎవరి పేరు ఎందుకు చేరినదో న్యాయస్థానము ముందుగా చూడదు. అమెరికాలో 2010 నవంబరులో ప్రభుత్వము దొంగసైటని ఒక సంగీతపు సైటు పేరును స్వాధీనపరచుకొని, ఒక సంవత్సరము దాటిన తరువాత ఏ కేసును నడపకుండ తిరిగి ఇచ్చివేసెను. అది ప్రకటనల జాబితా కాదు గాని, జాబితాలు వ్రాయువారి చేయి ఎట్లు జారునో తెలుపును.

మనకు ఈ భయము పుస్తకములలోనిది కాదు. 1975 జూన్ మొదలు 1977 వరకు నడచిన అత్యవసర పరిస్థితిలో మన కేంద్రప్రభుత్వము పత్రికలను మిత్రులు, తటస్థులు, విరోధులు అని విభజించి, తదనుగుణముగా ప్రభుత్వ ప్రకటనలు పంచిన సంగతి, 1977 ఆగస్టులో వెలువడిన శ్వేతపత్రములో వివరముగా నున్నది. సొంత ప్రకటనల విషయములోనే అట్లు జరిగినప్పుడు, పరుల ప్రకటనలపైకూడ ప్రభుత్వమునకు రహస్యపు జాబితా చేతికిచ్చుట ఎంతవరకు క్షేమమో ఆలోచింపదగినది. దొంగచిత్రముల సైటును ఆపు కలమే రేపు నచ్చని పత్రిక పేరును వ్రాయవచ్చును. కావున జాబితా ఉండవలెననినను, అది న్యాయస్థానపు కన్నుక్రింద, అందరికిని కనిపించునట్లు ఉండవలెను.

మన న్యాయస్థానములు ఈ దారినే కొంత నడచినవి. 2019 ఏప్రిల్ 10న ఢిల్లీ హైకోర్టు ఒక వ్యాజ్యములో, ఏది దొంగసైటో నిర్ణయించుటకు గుర్తులు చెప్పి, మూసిన సైటు వేరొక పేరుతో మరల తెరచినచో ప్రతిసారియు క్రొత్త దావా వేయనక్కరలేకుండ ఆ పేరును పాత ఉత్తర్వునకే చేర్చు ‘చలనశీల నిషేధాజ్ఞ’ను అనుగ్రహించినది. 2023 ఆగస్టులో అమలునకు వచ్చిన సినిమాటోగ్రాఫు సవరణ చట్టము ప్రకారము హాలులో చిత్రమును దొంగతనముగా చిత్రించుటకును, దానిని ప్రసారము చేయుటకును 3 నెలలనుండి 3 ఏండ్లవరకు ఖైదు, 3 లక్షల రూపాయలకు తగ్గని, చిత్రపు నిర్మాణవ్యయములో నూటికి 5 వంతుల వరకు పెరుగగల జరిమానా కలవు. ఆ సంవత్సరము నవంబరులో ఫిర్యాదులు స్వీకరించి 48 గంటలలో దొంగప్రతులను తీయించుటకు అధికారులు నియమింపబడిరి. మొదటి వారములోనే ముప్పాతిక వంతు వసూలు కావలసిన పంపిణీదారునకు 48 గంటలు కూడ ఎక్కువయే.

తెలుగు చిత్రపరిశ్రమ హైదరాబాదున నెలకొనియుండుటచేత ప్రకటనల మార్గమును మొదట పట్టినది తెలంగాణ ప్రభుత్వము. 2016 జూన్‌లో లండన్ విభాగమునే నమూనాగా గైకొని అచ్చట మేధోసంపత్తి నేరముల విభాగము నెలకొల్పబడెను. అప్పటికే తెలుగు ఫిల్ము ఛాంబరువారి చౌర్యనిరోధక విభాగము పనిచేయుచుండెను. పెద్ద కంపెనీలకు నచ్చజెప్పుట కష్టము కాలేదు. దొంగసైటులో తమ పేరు కనబడుట వారికిని అవమానమే. వారు తొలగిరి. కరోలైన్ ఓడమీద జరిగినదే ఇచ్చటను జరిగెను. ఖాళీయైన చోటికి పందెముల కంపెనీలు వచ్చినవి.

క్రికెట్టు పందెము, చీట్ల పందెము, రంగురంగుల చక్రములు తిరుగు జూదము—ఇట్టివానిని నడుపు సంస్థలు పెక్కు విదేశములలోనుండును. తెలంగాణ ప్రభుత్వము 2017లోను, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020లోను అంతర్జాలపు జూదమును నిషేధించినవి. కావున పత్రికలు, టెలివిజను కేంద్రములు వీరి ప్రకటనలు వేయరాదని కేంద్ర సమాచారశాఖ 2022, 2023 సంవత్సరములలో పలుమారులు హెచ్చరించినది. సక్రమమైన చోట ప్రకటించుకొనుటకు దారిలేని వ్యాపారికి దొంగచిత్రముల సైటుకంటె అనుకూలమైన గోడ ఏది? అచ్చట లక్షలమంది యువకులు, అదియు క్రొత్త బొమ్మ విడుదలైన రాత్రి, కన్నార్పక చూచుచుందురు. చిత్రము తెరచుటకు నొక్కిన మీట జూదశాల వాకిటికి తీసికొనిపోవును.

2025 సెప్టెంబరులో హైదరాబాదు పోలీసులు చిత్రచౌర్యపు ముఠాకు చెందినవారని ఐదుగురిని అరెస్టు చేసి, ఈ వ్యాపారమునకు జూదపు ఆప్‌లనుండియే సొమ్ము వచ్చుచున్నదని వెల్లడించిరి. తెలుగు పరిశ్రమకు 2024లో కలిగిన నష్టము 3,700 కోట్ల రూపాయలని చెప్పిరి. ఉచితముగా చూచిన ప్రతివాడును టికెట్టు కొనెడివాడే యనుకొన్నగాని ఇంత లెక్క రాదు. 2013 సెప్టెంబరులో ‘అత్తారింటికి దారేది’ చిత్రపు మొదటి సగము విడుదలకు ముందే బయటపడి, కృష్ణాజిల్లా పెడనలో సి.డి.లుగా అమ్ముడుపోయినది. నిర్మాతలు తొందరపడి ఆ నెల 27వ తేదీననే విడుదల చేయగా, ఆ చిత్రము అంతవరకు ఏ తెలుగు చిత్రమునకును రానంత వసూలు చేసినది. అందరును మంచి బొమ్మను దొంగచాటుగ చూచి ఊరకుండరు. కాని ఆ బలము లేని చిన్న చిత్రమునకు, దానిని కొన్న పడమర పంపిణీదారునకు ఈ ఓదార్పు చాలదు.

2025 నవంబరులో ‘ఐబొమ్మ’ అను ప్రసిద్ధమైన సైటును నడిపినవాడను ఆరోపణపై ఒక యువకుని పోలీసులు అరెస్టు చేసిరి. ఇచ్చటను జూదపు ఆప్‌లతో సంబంధమే వారి ప్రధానారోపణ. అరెస్టునాడు సామాన్య జనములో పలువురు అతనినే సమర్థించి మాటలాడుట నాకు ఆశ్చర్యము గొలిపినది. పిమ్మట ఆలోచింపగా అంత ఆశ్చర్యము కాదనిపించినది. పెద్ద చిత్రము వచ్చినపుడు టికెట్టు ధర పెంచుకొనుటకు ప్రత్యేకానుమతులు పొందుచున్న కాలములో, నలుగురున్న కుటుంబము హాలునకు పోవలెనన్న ఒక దినపు కూలి చాలదు. 1952లో కొలంబో వైపు తిరిగిన శ్రోతకును, నేడు దొంగసైటు తెరచు ప్రేక్షకునకును ఈ మాత్రము చుట్టరికము కలదు. మఱియు దొంగతనమని తోచనంతగా అది అలవాటైపోయినది. 2025 ఫిబ్రవరిలో ‘తండేల్’ విడుదలైన కొలది దినములకే, పలాసనుండి విజయవాడకు పోవు ఆర్టీసీ బస్సులో దాని దొంగప్రతిని ప్రయాణికులకు వేసి చూపిరి. ఆ బస్సు దారిపొడవున, మన డెల్టా పట్టణములలో, అదే చిత్రము హాలులలో ఆడుచుండెను.

పందెము అనునది మన ప్రాంతమునకు క్రొత్త కాదు. సంక్రాంతి మూడు దినములు భీమవరము చుట్టుపట్ల బరులలో ఎంత సొమ్ము చేతులు మారునో అందరికిని తెలిసినదే. ఏటేట నిషేధపుటుత్తర్వులు వెలువడుటయు తెలిసినదే. ఐనను బరి మన కంటి ముందుండును. నడుపువాడెవడో ఊరికి తెలియును. ఫోనులోని బరికి ఊరు లేదు.

ఇచ్చటనే ఇంగ్లండునకును మనకును గల భేదము స్పష్టమగుచున్నది. అచ్చట పందెములు నడుపుట లైసెన్సు గల వ్యాపారము. దొంగచిత్రముల సైటులో ప్రకటన వేయరాదని 2016లో అచ్చటి జూదనియంత్రణ సంఘము లైసెన్సు షరతులలోనే వ్రాసినది. షరతు తప్పినవాని లైసెన్సు పోవును. కావున వాడు వినును. మన రాష్ట్రములలో అంతర్జాలపు జూదము నిషేధింపబడినది గనుక తీసివేయుటకు లైసెన్సే లేదు. పరువు కలవానిమీద పనిచేయు ఒత్తిడి పరువు లేనివానిమీద ఎట్లు పనిచేయును? నల్లజాబితా ఎంత పొడవుగా వ్రాసినను, దానిని చదువవలసినవాడే చట్టమునకు వెలియైనప్పుడు అది గోడకు అంటించిన కాగితము వంటిది.

మిగిలినది సొమ్ము పారు కాలువ. సబ్బుల కంపెనీయైనను, జూదపు కంపెనీయైనను ఆటగానివద్ద డబ్బు పుచ్చుకొనవలెనన్న బ్యాంకు గుండనో, చెల్లింపుల సంస్థ గుండనో పోవలసినదే. వీరు చట్టమునకు లోబడినవారు, లైసెన్సు కలవారు, చేతికి అందువారు. 2025 ఆగస్టులో పార్లమెంటు అంగీకరించిన అంతర్జాల క్రీడల చట్టము ఈ మూడింటిని ఒక్కచోట చేర్చినది. డబ్బు పెట్టి ఆడు ఆటలు నడుపువానికి 3 ఏండ్లవరకు ఖైదు, కోటి రూపాయలవరకు జరిమానా. వానికి ప్రకటన ఇచ్చువానికి, వేయువానికి 2 ఏండ్లవరకు ఖైదు, 50 లక్షలవరకు జరిమానా. ఆ సొమ్ము చేరవేయు బ్యాంకులకును, చెల్లింపుల సంస్థలకును నడుపువానితో సమానమైన శిక్ష. 1967 నాటి బ్రిటిషు చట్టము ఓడకు నూనె చేరవేయువానిని కూడ నేరస్థుని చేసిన పద్ధతియే ఇది. చిత్రచౌర్యము మాట ఇందులో ఎక్కడను లేదు గాని, చౌర్యమునకు నూనె పోయుచున్న చేతిని పట్టుకొన్నది ఇదియే.

ఈ చట్టము చెల్లదని ఆటల కంపెనీలు పలు హైకోర్టులలో వ్యాజ్యములు వేయగా, 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు వానినన్నింటిని తనయొద్దకు తెప్పించుకొనినది.